నిలువునా లేచే యుద్ధవిమానం మీద మనం డబ్బు పెట్టాలా, వద్దా?

బెంజిసర్కిల్ ఏరో:
2016 మేలో గోవాలో మన నేవీ సీ హారియర్ యుద్ధవిమానాలకు వీడ్కోలు పలికాక, నిలువునా లేచి నిలువునా దిగే ఫైటర్ మన దగ్గర ఒక్కటీ లేదు. బయట కొనాలా అని అడగడం లేదు. ప్రయోగం కోసం ఒక్కటైనా మనమే తయారుచేసి చూడాలా అన్నదే ప్రశ్న. చేయాలనే నేనంటాను. యుద్ధం వస్తే శత్రువు ముందు కొట్టేది రన్‌వేనే.

హారియర్ ఎలా మొదలైందో చూడండి. 1960 అక్టోబర్ 21న ఇంగ్లండ్‌లోని డన్స్‌ఫోల్డ్‌లో హాకర్ కంపెనీ పి.1127 అనే విమానాన్ని నేలకు కట్టేసి, గాల్లోకి కొద్దిగా లేపింది. కింద గొయ్యి తీసి పైన ఇనుప జాలీ పరిచారు, వేడిగాలి తిరిగి ఇంజిన్‌లోకి పోకుండా. ఇంజిన్ బలం అంతంతమాత్రం కాబట్టి ఆ రోజుకు అక్కర్లేని సామానంతా ఊడదీశారు. పైలట్ బిల్ బెడ్‌ఫోర్డ్‌కు అప్పటికే కారు ప్రమాదంలో కాలు విరిగి పిండికట్టు ఉంది. ఆ కట్టుతోనే ఎక్కాడు. 1969కల్లా అదే హారియర్ అయి బ్రిటిష్ వాయుసేనలో చేరింది.

బ్రాడీపేట రిటైర్డ్ ఎయిర్‌ఫోర్స్:
తమ్ముడూ, గెలిచినదాని సంగతి చెప్పావు. ఓడినవాటి సంగతీ చెప్పుకోవాలి. ఫ్రాన్స్ వాళ్ళ ప్రయోగ విమానం బాల్జాక్‌లో పైకి లేపడానికే ఎనిమిది చిన్న ఇంజిన్లు పెట్టారు. ముందుకు ఎగిరేటప్పుడు ఆ ఎనిమిదీ ఉత్త బరువే. 1964లో ఒకసారి, 1965లో ఒకసారి కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. అమెరికా నేవీ ఎక్స్‌ఎఫ్‌వి-12 అనే ఇలాంటి విమానాన్నే 1978లో గాంట్రీ అనే ఎత్తైన ఇనుప చట్రానికి కట్టి పరీక్షిస్తే, ఇంజిన్ పూర్తి బలంతో తిరిగినా సొంత బరువులో ముప్పావు వంతే లేపగలిగింది. ల్యాబ్‌లో వచ్చిన లెక్క అసలు విమానంలో రాలేదు.

మన ఎండ సంగతి కూడా చూడాలి. గాలి వేడెక్కితే పలచబడుతుంది, ఇంజిన్ తోసే బలం, అంటే థ్రస్ట్, పడిపోతుంది. రోహిణి కార్తెలో బెజవాడలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. మామూలు విమానమైతే రన్‌వే మీద ఇంకాస్త దూరం పరుగెత్తి లేస్తుంది. నిలువునా లేచేదానికి ఆ వెసులుబాటు లేదు. థ్రస్ట్ బరువును మించాలి, లేదంటే నేల మీదే. హారియర్ ఇంజిన్‌లోకి నీళ్ళు చిమ్మి ఆ లోటు పూడ్చేవారు, ఆ నీళ్ళ బరువూ విమానమే మోయాలి.

రన్‌వే పోతుందన్న భయానికి జవాబు మన పక్కనే ఉంది. కొరిశపాడు దగ్గర 16వ నంబరు హైవే మీద నాలుగు కిలోమీటర్ల స్ట్రిప్ కట్టి, 2022 డిసెంబర్ 29న సుఖోయ్, తేజస్‌లతో ట్రయల్ రన్ చేశారు.

సత్యనారాయణపురం:
1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో సీ హారియర్లు 20 అర్జెంటీనా విమానాలను కూల్చాయి. గాల్లో జరిగిన పోరులో ఒక్కటీ పోలేదు. అప్పుడు వాటిని మోసిన హెర్మిస్ అనే విమానవాహక నౌకే తర్వాత మన విరాట్ అయింది. మరి దండగ ఎలా అవుతుందండీ?

బ్రాడీపేట రిటైర్డ్ ఎయిర్‌ఫోర్స్:
దండగ అనలేదండీ. కానీ ఆయుధాలతో అవి నిలువునా లేవలేదు. డెక్ చివర పైకి వంచిన స్కీ-జంప్ మీంచి పరుగెత్తి లేచాయి, తిరిగొచ్చాక నిలువునా దిగాయి. విరాట్ మీద మనవాళ్ళు చేసిందీ అదే.

తాడేపల్లి:
మన విమానవాహక నౌక విక్రమాదిత్య సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1991 అక్టోబర్‌లో యాక్-141 అనే సోవియట్ ప్రయోగ విమానం గోర్ష్‌కోవ్ నౌక డెక్ మీద బలంగా దిగింది. ఇంధన ట్యాంకు పగిలి మంటలు లేచాయి, పైలట్ ఎజెక్ట్ అయి బతికాడు. ఆ డిసెంబర్‌లో సోవియట్ యూనియనే పోయింది, ప్రాజెక్టుకు డబ్బు ఆగిపోయింది. ఆ గోర్ష్‌కోవ్‌నే మనం తీసుకుని, స్కీ-జంప్, దిగే విమానాన్ని పట్టి ఆపే అరెస్టింగ్ వైర్లు పెట్టించి 2013లో విక్రమాదిత్యగా చేర్చుకున్నాం. ఇప్పుడు దాని మీద దిగేది మిగ్-29కె. నిలువునా దిగే విమానాల కోసం కట్టిన నౌకనే మార్చుకున్నవాళ్ళం, మళ్ళీ అటు ఎందుకు?

బెంజిసర్కిల్ ఏరో:
స్క్వాడ్రన్ కట్టమని నేను అనలేదు. ప్రయోగ విమానంతో మనకు దక్కేది నేర్పు. హారియర్ పైలట్ కుడిచేతిలో స్టిక్ ఉంటుంది. ఎడమచేతికి రెండు పనులు: ఇంజిన్ బలం పెంచి తగ్గించే త్రాటిల్, దాని పక్కనే ఇంజిన్ గాలిని బయటికి చిమ్మే నాజిల్స్ తిప్పే లివర్. దిగే ముందు విమానం భారం రెక్కల మీంచి ఇంజిన్ మీదకు మారుతుంది. ఆ కొద్ది సెకన్లలో ఒకటి బదులు ఇంకోటి లాగితే విమానం చెయ్యిదాటిపోతుంది. సీ హారియర్ ప్రమాదాల్లో మన నేవీ కూడా పైలట్లను పోగొట్టుకుంది.

బ్రిటన్ వాళ్ళు రెండు సీట్ల పాత హారియర్ ఒకటి తీసుకుని, వెనక సీటు కంట్రోల్స్‌ను కంప్యూటర్‌కు కలిపి, ముందు సీట్లో సేఫ్టీ పైలట్‌ను కూర్చోబెట్టి ఏళ్ళ తరబడి ఎగరేశారు. అక్కడ నేర్చుకున్నదే నిలువునా దిగే ఫైటర్ ఎఫ్-35బి లోకి వెళ్ళింది. ఆ పరిజ్ఞానం మనకు ఎవరూ అమ్మరు. రేపు చిన్న నౌక మీంచి లేచే సాయుధ జెట్ డ్రోన్ కావాలన్నా అది లేకుండా కుదరదు.

బ్రాడీపేట రిటైర్డ్ ఎయిర్‌ఫోర్స్:
మరి ఇంజిన్? పి.1127ని పెగాసస్ ఇంజిన్ చుట్టూనే డిజైన్ చేశారు, ఆ ఇంజిన్ లేకపోతే ఆ విమానమే లేదు. మన సొంత జెట్ ఇంజిన్ కావేరీ 1980లలో మొదలైంది, 2008లో తేజస్ నుంచి విడదీశారు. తేజస్ ఇవాళ్టికీ అమెరికా ఇంజిన్‌తోనే ఎగురుతోంది. డబ్బుంటే ముందు అక్కడ పెట్టాలి.

నువ్వన్న కంట్రోల్స్ కోసమే అయితే, పైలట్ లేని చిన్న విమానం చాలు. దానికి నా అభ్యంతరం లేదు. మొదటిసారి కట్టేసే లేపాలి. అది కూడా జనవరి చలిగాలిలో కాదు, మే నెల మిట్టమధ్యాహ్నం, సూర్యలంక తీరంలో.

బెంజిసర్కిల్ ఏరో:
మే నెల షరతు న్యాయమే బాబాయ్ గారూ, అక్కడ లేవనిది మనకెందుకు? కానీ సొంత ఇంజిన్ వచ్చేదాకా ఆగాలంటే మాత్రం ఒప్పుకోను. 2001లో నిలువునా దిగిన, ఎఫ్-35బికి ముందు వచ్చిన ప్రయోగ విమానం ఎక్స్-35బి ఇంజిన్ కూడా ఎఫ్-22 ఇంజిన్‌లోంచి పుట్టిందే. దానికి ముందువైపు బిగించిన, విమానాన్ని పైకి లేపే లిఫ్ట్ ఫ్యాన్, దాన్ని తిప్పే షాఫ్ట్, క్లచ్, వీటన్నిటినీ అదుపులో పెట్టే కంప్యూటర్, ఇవే అక్కడ కొత్తవి. కొన్న చిన్న జెట్ ఇంజిన్‌తో ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు.