సైన్ చేసి చూపిస్తే కాయిన్స్ వాడివేనా? పీ2పీ డీల్స్ కొత్త రూల్ మీద మీ అభిప్రాయం చెప్పండి

మానుకోట_నోడ్:
అందరికీ నమస్తే. మన గ్రూప్ ల ఈ మధ్య బిట్‌కాయిన్ పీ2పీ డీల్స్, అంటే ఎక్స్ఛేంజ్ లేకుంట మనిషికి మనిషే అమ్ముకునుడు, ఎక్కువైనయ్. మొన్న ఒకడు ఎవరిదో బిట్‌కాయిన్ అడ్రస్ (అకౌంట్ నంబర్ లెక్క) పెట్టి ఇదంతా నాదే అని చెప్పి అడ్వాన్స్ తీస్కొని పోయిండు. అడ్రస్ ల బ్యాలెన్స్ ఎక్స్‌ప్లోరర్ సైట్ ల ఎవ్వలకైనా కనబడతది కదా, అది చూసి నమ్ముడేంది. అందుకే ఒక రూల్ పెడదామనుకుంటున్న. అమ్మేటోళ్లు ముందుగాల ఆ అడ్రస్ తోని ఒక మెసేజ్ సైన్ చేసి ఇక్కడ పెట్టాలె. సైన్ కరెక్ట్ ఉంటే ఆ కాయిన్స్ ఆయనయే అని లెక్క, డీల్ ఓకే. మీరేమంటరు?

గుంటూరు_హోడ్లర్:
నా ఓటు ఉంది. ఎప్పుడో పెట్టాల్సిన రూల్ ఇది.

తెనాలి_శాట్స్:
వందకి వంద శాతం సపోర్ట్. ఇంతకంటే గట్టి ప్రూఫ్ ఈ రంగంలో లేదు. ప్రైవేట్ కీ (కాయిన్స్ పంపడానికి వాడే రహస్య నంబర్) లేకుండా ఆ సైన్ పుట్టదు, సైన్ చూసి కీ కనుక్కోలేరు, మెసేజ్ లో ఒక్క అక్షరం మార్చినా వెరిఫై కాదు, రూపాయి ఫీజు లేదు, కాయిన్ కదలక్కర్లేదు. ఇంకేం కావాలి? కొత్తవాళ్లకి ఒక ఉదాహరణ చెప్తా. ఆస్ట్రేలియా ఆయన క్రెయిగ్ రైట్ నేనే సతోషి (బిట్‌కాయిన్ ని పుట్టించిన అజ్ఞాత మనిషి) అని 2016 మే లో బ్లాగ్ పోస్ట్ పెట్టి ఒక సైన్ చూపించాడు. జనం వెంటనే పట్టేశారు, అది 2009 లో సతోషి చేసిన ఒక ట్రాన్సాక్షన్ లోంచి తీసిందే, బ్లాక్‌చెయిన్ లో ఎవరికైనా దొరికేదే. తర్వాత అమెరికా కోర్టు కేసులో ఈ అడ్రస్ లు నావి అని ఒక లిస్ట్ ఇచ్చాడు. 2020 మే లో ఆ లిస్ట్ లోని 145 అడ్రస్ ల నుంచి ఒక సైన్డ్ మెసేజ్ బయటికొచ్చింది, క్రెయిగ్ రైట్ అబద్ధాలకోరు, మోసగాడు, ఈ కీస్ అతని దగ్గర లేవు అని. ఏళ్ల తరబడి లాయర్లు తేల్చలేనిది ఆ ఒక్క మెసేజ్ తేల్చేసింది. మన రూల్ కి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కోనసీమ_రాజు:
నాకు ఈ రూల్ నచ్చలేదండి. "సైన్ కరెక్ట్ ఉంటే ఆ కాయిన్స్ ఆయనవే" అన్న మాటే తప్పు. సైన్ చెప్పేది ఒక్కటే, ఆ టైమ్ కి ఆ కీ ఎవరో ఒకరి చేతిలో ఉంది అని. దొంగిలించిన సీడ్ (కీస్ తిరిగి తెచ్చే పదాల లిస్ట్) తో కూడా సైన్ అవుద్ది, నలుగురు కలిసి పెట్టుకున్న వాలెట్ లో ఒకడి దగ్గర కీ ఉన్నా సైన్ అవుద్ది. తాళంచెవి ఎవడి జేబులో ఉంటే ఇల్లు వాడిదైపోద్దా? మీరు చెప్పిన 145 అడ్రస్ లే తీసుకోండి. సైన్ చేసిందెవరో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. రైట్ వి కావు అని తేలింది సరే, మరి ఎవరివి? ఆ ముక్క సైన్ చెప్పిందా?

తెనాలి_శాట్స్:
ఎవరివో చెప్పడం దాని పని కాదు. రేపు ఆ కాయిన్స్ పంపగలిగేది ఎవరో చెప్పింది. కొనేవాడికి అదే కావాలి.

కోనసీమ_రాజు:
రూల్ లో అలా రాయలేదుగా, "ఆయనవే అని లెక్క" అని రాశారు. ఇంకోటి. గావిన్ ఆండ్రెసన్ అంటే సతోషి తర్వాత బిట్‌కాయిన్ కోడ్ చూసుకున్న మనిషి. 2016 ఏప్రిల్ లో లండన్ తీసుకెళ్లి ఆయన ముందు సైన్ చేసి చూపిస్తే నమ్మేశాడు, ఇతనే సతోషి అని పబ్లిక్ గా చెప్పాడు కూడా. అంతటివాడే పడ్డాడు, మన గ్రూప్ లో మొన్న ఎలక్ట్రమ్ వాలెట్ వేసుకున్నవాళ్లు పడరా?

తెనాలి_శాట్స్:
గావిన్ పడింది సైన్ వల్ల కాదు, సైన్ తన చేతికి రాకపోవడం వల్ల. హోటల్ రూమ్, వాళ్లు తెచ్చిన ల్యాప్‌టాప్. అక్కడే చూసి నమ్మమన్నారు, కాపీ ఇంటికి తీసుకెళ్లనివ్వలేదు. తనని మోసం చేసి ఉండొచ్చని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. మన రూల్ లో సైన్ ఇక్కడ పబ్లిక్ గా పెట్టాలి, ఎవడి కంప్యూటర్ లో వాడు వెరిఫై చేసుకుంటాడు. ఆ రెండూ ఒకటెలా అవుతాయి?

భీమవరం_బిట్స్:
ఒక డౌట్ అండి. నాది బీసీ1 తో మొదలయ్యే అడ్రస్, ఎలక్ట్రమ్ లో సైన్ చేసి ఇంకో వెబ్‌సైట్ లో పెడితే ఇన్‌వాలిడ్ అని వస్తంది. కీ నా దగ్గరే ఉంది. మరి నేను దొంగనా?

కోనసీమ_రాజు:
చూశారా. సొంత అడ్రస్ ఉన్నాయనే ఫెయిల్. ఈ రూల్ పెడితే నిజమైనవాడు బయట, దొంగ లోపల.

తెనాలి_శాట్స్:
భీమవరం గారూ మీ సైన్ తప్పు కాదు. పాత సైన్ మెసేజ్ పద్ధతి 1 తో మొదలయ్యే అడ్రస్ లకి చేసింది, బిట్‌కాయిన్ కోర్ (బిట్‌కాయిన్ అసలు సాఫ్ట్‌వేర్) లో ఆ కమాండ్ బీసీ1 తీసుకోదు. ఎలక్ట్రమ్ ఒకలా, ట్రెజర్ వాలెట్ ఒకలా తమ పద్ధతిలో చేస్తాయి. అన్ని రకాల అడ్రస్ లకీ ఒకే పద్ధతి ఉండాలని బిప్ 322 అనే ప్రతిపాదన రాశారు, 2018 నుంచీ ఉంది, కానీ అన్ని వాలెట్లూ పెట్టలేదు. ఏ వాలెట్ లో చేశారో చెప్పి అదే వాలెట్ లో వెరిఫై చేయించండి, వస్తుంది.

కోనసీమ_రాజు:
అంటే ఏ టూల్ లో చూడాలో అమ్మేవాడే చెప్తాడన్నమాట. గావిన్ కి ల్యాప్‌టాప్ ఇచ్చింది కూడా వాళ్లేగా.

తెనాలి_శాట్స్:
ఎలక్ట్రమ్ అసలు సైట్ నుంచి మీరే డౌన్‌లోడ్ చేసుకుంటారు కదా రాజు గారూ. ఒక్క పాయింట్ పట్టుకుని ఎన్నిసార్లు తిప్పుతారు.

సీతమ్మధార_డెవ్:
మీ గొడవ తర్వాత కానీ రూల్ పాస్ చేసేముందు ఇది చదవండి, దయచేసి. మెసేజ్ లో ఏం రాయాలో పోస్ట్ లో లేదు. "ఈ అడ్రస్ నాది" అని మాత్రమే సైన్ చేస్తే దాన్ని ఎవడైనా కాపీ చేసి ఇంకో గ్రూప్ లో నాది అని పెట్టుకుంటాడు. గ్రూప్ పేరు, తేదీ, అమ్మేవాళ్ల యూజర్‌నేమ్, కొనేవాళ్ల యూజర్‌నేమ్, కొనేవాళ్లు అప్పటికప్పుడు ఇచ్చిన ఒక ర్యాండమ్ నంబర్, ఇవన్నీ ఉండాలి. మెసేజ్ కొనేవాళ్లు ఇవ్వాలి, అమ్మేవాళ్లు రెడీగా తెచ్చుకున్నది ఒప్పుకోవద్దు.

ఎథీరియం వాళ్లకి ఇంకా ముఖ్యం. మెటామాస్క్ వాలెట్ లో సైన్ అని వచ్చిన ప్రతిదీ ఉత్త మెసేజ్ కాదు. యూఎస్‌డీసీ లాంటి టోకెన్లకి పర్మిట్ అని ఒకటి ఉంది, మీ టోకెన్లు ఇంకొకరు ఖర్చు పెట్టడానికి ఇచ్చే అనుమతి, మీరు సైన్ మాత్రమే చేస్తారు, గ్యాస్ (నెట్‌వర్క్ ఫీజు) కట్టరు, ఏమీ కదలనట్టే కనిపిస్తుంది, ఆ సైన్ పట్టుకుని అవతలివాడు మీ టోకెన్లు లాగేసుకుంటాడు. సైన్ చేయడం రూల్ అని మనం అలవాటు చేస్తే రేపు "వెరిఫికేషన్ కోసం ఇక్కడ సైన్ చేయండి" అని లింక్ పంపేవాడికి మన వాళ్లే దొరుకుతారు. నాకు తెలిసిన అమ్మాయికి ఇలాగే జరిగింది, చదువుకున్న పిల్ల, స్పెండర్ (ఎవరు ఖర్చు పెట్టొచ్చో చెప్పేది) అన్న లైన్ చూసుకోలేదు. సైన్ చేసే విండోలో చదవగలిగే మాటలు తప్ప ఇంకేమైనా కనిపిస్తే రిజెక్ట్ కొట్టండి.

మానుకోట_నోడ్:
సీతమ్మధార అక్కా, మంచి మాట చెప్పినవ్. ర్యాండమ్ నంబర్ ముచ్చట రూల్ ల కలుపుత. లింకులు బంద్, వాలెట్ లోపలనే సైన్ చేయాలె.

ఫ్రాంక్‌ఫర్ట్_సాయి:
ఇక్కడ యూరప్ లో ఇది రూలే. 2024 డిసెంబర్ 30 నుంచి ఎక్స్ఛేంజ్ నుంచి సొంత వాలెట్ కి 1000 యూరోలు దాటి పంపితే అది మనదే అని చూపించాలి. కొన్నిచోట్ల సైన్ అడుగుతారు, కొన్నిచోట్ల చిన్న మొత్తం పంపమంటారు. స్విట్జర్లాండ్ లో ముందే ఉంది, అక్కడి ఎక్స్ఛేంజ్ ల కోసం ట్రెజర్ 2022 జనవరిలో ఆటోమేటిక్ సైన్ ఫీచర్ పెడితే, మా పేర్లు అడ్రస్ లకి అంటగడుతున్నారని జనం తిరగబడ్డారు, వెంటనే తీసేశారు. మీ రూల్ లో కూడా ఆ సమస్య ఉంది. యూజర్‌నేమ్ తో పాటు అడ్రస్ పబ్లిక్ గా పెడితే ఎవరి దగ్గర ఎంతుందో ఊరంతా చూస్తుంది. కొనేవాళ్లకి, అడ్మిన్ కి మాత్రమే పంపితే మంచిది.

వరంగల్_వికాస్:
అసలు లొల్లి బ్యాంక్ ఫ్రీజ్ అన్నా. అమ్మినంక ఎవడో 1930 (సైబర్ క్రైమ్ నంబర్) కి కంప్లయింట్ పెడితే మన అకౌంట్ లాక్ అయితది. దానికి సైన్ ఏం చేస్తది?

సీఏ_బెజవాడ:
ట్యాక్స్ వైపు నుంచి ఒక ముక్క. ఐటీఆర్ లో షెడ్యూల్ వీడీఏ (క్రిప్టో వివరాల పట్టిక) నింపేటప్పుడు ఎప్పుడు కొన్నారు, ఎంతకి కొన్నారు అని అడుగుతారు. నోటీసు వస్తే డబ్బు ఏ అకౌంట్ నుంచి వెళ్లిందో చూపించాలి. సైన్డ్ మెసేజ్ పట్టుకెళ్తే దాన్ని ఎవరూ చూడరు.

కోనసీమ_రాజు:
అదే నేను మొదట్నుంచీ చెప్తున్నది! డబ్బు ఎవరి అకౌంట్ నుంచి వెళ్లింది అన్నది అసలు. లండన్ హైకోర్టులో 2024 మార్చి 14 న జస్టిస్ మెల్లర్, రైట్ సతోషి కాదు అని చెప్పింది కూడా డాక్యుమెంట్లు తవ్వే. అతను పెట్టినవి దొంగ కాగితాలు అని తేలింది. కాగితాలు చూసి తేల్చారండీ, కాగితాలు.

తెనాలి_శాట్స్:
అతను ఒక్క సైన్ చేసి ఉంటే ఆ కేసే ఉండేది కాదు. కాగితం దొంగది చేయొచ్చు అని మీ ఉదాహరణే చెప్తోంది కదా. మీకు ఈ టెక్నాలజీ మీద నమ్మకం లేకపోతే బిట్‌కాయిన్ ఎందుకు, ఎల్ఐసీ కట్టుకోండి.

కోనసీమ_రాజు:
మాట జాగ్రత్త తెనాలి గారూ. మీకు ఈ రూల్ ఎందుకు అంత ముద్దొచ్చిందో నాకు తెలీదు, నాకు ఎందుకు చేదో చెప్తా వినండి. 2020 లాక్‌డౌన్ లో నేనూ మా బావా కలిసి బిట్‌కాయిన్ కొన్నాం. మూడొంతుల డబ్బు నాది, దుబాయ్ లో పనిచేసి పంపింది, ఆయన అకౌంట్ కి నేను వేసిన ట్రాన్స్‌ఫర్లు అన్నీ స్టేట్‌మెంట్ లో ఉన్నాయి. ఎక్స్ఛేంజ్ అకౌంట్ ఆయన పేరు మీద, ల్యాప్‌టాప్ ఆయనది, సీడ్ ఆయన రాసుకున్నాడు. చెల్లెలి మొగుడు కదా అని నేను అడగలేదు. ఇప్పుడు నా వాటా అడిగితే పెద్దమనుషుల ముందు ఏం చేశాడో తెలుసా? అడ్రస్ తో మెసేజ్ సైన్ చేసి వాట్సాప్ లో పెట్టి, చూడండి ఇది నా ఒక్కడిదే, ప్రపంచంలో ఎవరైనా వెరిఫై చేసుకోవచ్చు అన్నాడు. పెద్దమనుషుల్లో కొంచెం కంప్యూటర్ తెలిసిన కుర్రాడు చెక్ చేసి అవునండి ఈయనదే అని చెప్పాడు. అయిపోయింది. నా స్టేట్‌మెంట్ లు పక్కన పెట్టేశారు. రేపు ఆయన ఇదే గ్రూప్ కి వచ్చి, మీ రూల్ ప్రకారం సైన్ చేసి అమ్ముకుంటే, మీరంతా డీల్ ఓకే అంటారు. "ఆయనవే అని లెక్క" అని అడ్మిన్ ముద్ర కూడా పడుద్ది. అందుకే చెప్తున్నా.

గుంటూరు_హోడ్లర్:
అయ్యో రాజు గారూ. ఇది ముందే చెప్పాల్సింది కదండీ.

తెనాలి_శాట్స్:
మీకు జరిగింది అన్యాయం, కాదనను. ఆ కుర్రాడు "ఈయనదే" అనకూడదు, "కీ ఈయన దగ్గర ఉంది" అనాలి. కానీ నా వైపు కూడా వినండి. నా దగ్గర కాగితాలు అన్నీ ఉండేవి. ఒక ఎక్స్ఛేంజ్, పేరు వద్దు. కేవైసీ, పాన్, బ్యాంక్ స్టేట్‌మెంట్, కట్ అయిన టీడీఎస్ సర్టిఫికెట్, యాప్ లో బ్యాలెన్స్ నా పేరు మీదే కనిపిస్తోంది. విత్‌డ్రాయల్ ఆపేశారు. మా నాన్న ఆపరేషన్ కి డబ్బు కావాలి, రోజూ మెయిల్ పెట్టేవాణ్ణి, టికెట్ నంబర్ వచ్చేది అంతే. బయట వడ్డీకి తెచ్చి కట్టాను. ఆ కాయిన్స్ నావి అని ప్రపంచంలో ప్రతి కాగితం చెప్పింది, కానీ కీ వాళ్ల దగ్గర ఉంది కాబట్టి నాకు ఒక్క రూపాయి రాలేదు. అప్పట్నుంచి కాగితం మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. కీ లేనివాడికి ఏమీ లేదు. ఇది నేను చదివి నేర్చుకున్నది కాదు.

కోనసీమ_రాజు:
మీ నాన్నగారికి ఇప్పుడు బాగుందా అండి?

తెనాలి_శాట్స్:
బాగున్నారు. థాంక్స్ అండి.

కోనసీమ_రాజు:
సంతోషం. కానీ మీరు చెప్పిందాంట్లోనే ఉంది చూడండి. ఎక్స్ఛేంజ్ వాళ్ల దగ్గర కీ ఉంది, వాళ్లు ఎప్పుడంటే అప్పుడు సైన్ చేయగలరు. మీ కాయిన్స్ వాళ్లవా? కావు అనే కదా మీ కోపం. నేనూ అదే అంటున్నా. 2025 అక్టోబర్ లో మద్రాస్ హైకోర్టు చెప్పింది, క్రిప్టో ఆస్తే, ఒకరి తరఫున ఇంకొకరు ట్రస్ట్ గా పెట్టుకోగలిగేదే అని. ఆ కేసు వేసినామెవి 3,532 ఎక్స్‌ఆర్‌పీ కాయిన్స్ ఎక్స్ఛేంజ్ లో ఉన్నాయి, హ్యాక్ తర్వాత ఆపేశారు. ఆమె దగ్గర కీ లేదు. అయినా ఆస్తి ఆమెదే అని చూశారు.

తెనాలి_శాట్స్:
కోర్టు మంచి మాట చెప్పింది, ఒప్పుకుంటా. రైట్ మీద క్లైమన్ కుటుంబం వేసిన కేసు కూడా చూడండి. రైట్ కి పార్ట్‌నర్ అని చెప్పిన, చనిపోయిన డేవ్ క్లైమన్ తరఫున ఆయన సోదరుడు సగం బిట్‌కాయిన్స్ అడిగాడు, 2021 డిసెంబర్ లో మయామి జ్యూరీ డేవ్ పెట్టిన కంపెనీకి రైట్ 100 మిలియన్ డాలర్లు ఇవ్వాలంది కానీ పార్ట్‌నర్‌షిప్ ఉందని ఒప్పుకోలేదు, కాయిన్స్ లో సగం ఇవ్వమనలేదు. మీ బావ విషయంలో పార్ట్‌నర్‌షిప్ అని రాసుకున్న కాగితం ఏమైనా ఉందా?

కోనసీమ_రాజు:
లేదు. వాట్సాప్ లో "మన కాయిన్స్" అని ఆయన రాసిన మెసేజ్ లు ఉన్నాయి.

సీఏ_బెజవాడ:
ఆ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. ట్రాన్స్‌ఫర్ తేదీలు, ఎక్స్ఛేంజ్ లో కొన్న తేదీలు పక్కపక్కన పెట్టి లాయర్ కి ఇవ్వండి. ఆయన సైన్ చేసి పెట్టిన మెసేజ్ కూడా మీకే పనికొస్తుంది. ఆ అడ్రస్ కి కీ తన దగ్గర ఉందని ఆయనే ఒప్పుకున్నట్టు, రేపు నాకు తెలీదు అనలేడు.

కోనసీమ_రాజు:
ఈ యాంగిల్ నాకు ఎవరూ చెప్పలేదండి.

మానుకోట_నోడ్:
రాజన్నా, మాట మారుస్త. "ఆయనయే అని లెక్క" తీసేస్త. "కీ అమ్మేటాయన చేతుల ఉందని మాత్రమే ఈ సైన్ చూపిస్తది, కాయిన్స్ ఎవలివో గ్రూప్ కి సంబంధం లేదు" అని పెడత. సరేనా?

తెనాలి_శాట్స్:
నాకు ఓకే.

కోనసీమ_రాజు:
సంబంధం లేదు అని చేతులు దులుపుకుంటే ఎలా? ఒక మెంబర్ ఇదిగో ఈ అడ్రస్ మీద తగాదా ఉంది అని ఆధారాలతో చెప్తే, అది తేలేదాకా ఆ అడ్రస్ డీల్ ఆపాలి. అది కూడా రాయండి.

తెనాలి_శాట్స్:
అలా రాస్తే ఎవడైనా ఎవడి డీల్ అయినా ఆపేయొచ్చు. ఆధారాలు ఎవరు చూస్తారు? అడ్మిన్ జడ్జి అవుతాడా? విత్‌డ్రాయల్ ఆపినవాళ్లు కూడా నాకు ఇదే చెప్పారు, "పరిశీలనలో ఉంది" అని.

కోనసీమ_రాజు:
అయితే నా ఓటు లేదు.

మానుకోట_నోడ్:
సీతమ్మధార అక్క చెప్పిన ఫార్మాట్ రేపటి నుంచి పెడుతున్న, అడ్రస్ లు కొనేటోళ్లకు, అడ్మిన్ కు మాత్రమే. తగాదా అడ్రస్ ల సంగతి ఇంకా తేలలె, పోల్ పెడత. రాజన్నా, ఆ అడ్రస్ నాకు పర్సనల్ ల పంపు, వాచ్ ఓన్లీ (చూసుడు మాత్రమే) గ పెట్టి కదిలితే చెప్త.

కోనసీమ_రాజు:
పంపాను. పోల్ లో నా ప్రపోజల్ నా మాటల్లోనే పెట్టండి, కుదించొద్దు.