పొలంలో దొరికిన పాత గుండీల వయసు తెలిసేదెలా?

కెంట్_కిరణ్: ఇక్కడ ఇంగ్లాండ్‌లోని కెంట్‌లో రైతును అడిగి, ఆయన సరేనన్నాకే మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలంలో దిగాను. నాణేలు దొరుకుతాయనుకుంటే అన్నీ గుండీలే! ఒకటి బిళ్లలా చదునుగా ఉంది, వెనక తీగ రింగు, దాని చుట్టూ అరిగిన అక్షరాలు. ఇంకో రెండు ఉబ్బెత్తుగా ఉన్నాయి, వాటి మీద సింహం, ఒంటికొమ్ము గుర్రం, కిరీటం. అక్కడ సైనిక శిబిరం ఉండేదంటారా?

పాతసామాను: ముందు వెనక్కి తిప్పి చూడండి. అసలు సంగతి అక్కడే ఉంటుంది. చదునుదాని మీద ‘గిల్ట్’ (బంగారు పూత), ‘ట్రెబుల్ గిల్ట్’ లాంటి మాటలుంటే సుమారు 1800-1840 నాటిది. సరిపడా బంగారు పూత లేకుండా ఆ ముద్ర వేయకూడదని అక్కడ 1796లో చట్టమే తెచ్చారు. తయారీ కంపెనీ పేరు చివర ‘లిమిటెడ్’ అని ఉంటే మాత్రం 1855 తర్వాతదే, కంపెనీల పేర్లకు ‘లిమిటెడ్’ తెచ్చిన చట్టం వచ్చింది అప్పుడే కదా. సింహం గుండీలు బహుశా మామూలు సిపాయిలవి. 1871లో వాళ్ల గుండీల మీద రెజిమెంట్ నంబర్లు తీసేసి అందరికీ ఈ రాజముద్రే ఇచ్చారు.

లీడ్స్ శ్రీను: కిరీటం పైభాగం చూడు తమ్ముడూ. నడుమ నొక్కుకుపోయినట్టుంటే విక్టోరియా కాలం, గుండ్రంగా పైకి లేచి ఉంటే 1901-1952 మధ్య రాజుల కాలం. ఎలిజబెత్ వచ్చాక మళ్లీ నొక్కుడు కిరీటమే. కానీ ఆమె కాలంలో అల్యూమినియం గుండీలు వచ్చాయి, చేతిలోకి తీసుకుంటేనే తేలిగ్గా తెలిసిపోతాయి.

శిబిరం మాత్రం అప్పుడే అనుకోకు. మా వైపు డ్యూస్‌బరీ, బాట్లీ మిల్లుల్లో పాత ఉన్ని బట్టలు, యూనిఫారాలతో సహా చీల్చి మళ్లీ నూలు తీసేవాళ్లు. పనికిరాని పీలికలను ఎరువుగా అమ్మేవాళ్లు. ఉన్ని మెల్లగా కుళ్లి నేలకు నత్రజని ఇస్తుంది. కెంట్‌లో హాప్ (బీరులో వేసే పూలు) తోటల్లో అది బాగా వాడారు. పీలికలతో పాటు గుండీలూ వచ్చి పడ్డాయి. అందుకే గుండీ వయసు వేరు, అది ఆ పొలంలోకి వచ్చిన కాలం వేరు.

సుజాత_బర్మింగ్‌హామ్: చింతపండు, నిమ్మకాయ పెట్టి తోమకండి బాబూ, ఇత్తడి చెంబు కాదది! మిగిలిన ఆ కాస్త బంగారు పూత కూడా పోతుంది. మంచినీళ్లలో నానబెట్టి, పంటిపుల్లతో మట్టి తీస్తే చాలు.

కెంట్_కిరణ్: థాంక్స్ అండీ. నానబెట్టి, టార్చి ఏటవాలుగా వేసి చూస్తే ‘ట్రెబుల్ గి’ వరకు కనబడింది. కిరీటాలు రెండూ గుండ్రంగానే ఉన్నాయి. రైతును అడిగితే వాళ్ల తాత హయాంలో అది హాప్ తోటేనట!

గుంటూరు_రవి: అన్నా, మన దగ్గర ఇలా తిరగొచ్చా?

పాతసామాను: జాగ్రత్త రవీ. రక్షిత కట్టడాల జోలికి అస్సలు వెళ్లొద్దు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది. భూమిలో దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటినా కలెక్టర్‌కు చెప్పాల్సిందే.

గుంటూరు_రవి: పది రూపాయలకా! అయితే మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో వెతుక్కుంటాలే.