పెరట్లో గోమార్లు: కషాయమా, సూదా?

తులసికోట: రెండు జెర్సీ ఆవులు, ఒక కుక్క. కొట్టం వెనక గడ్డి, పక్కన రాళ్ళ గోడ. పాలు ఇళ్ళకు పోస్తాం కాబట్టి మందు కొట్టకుండా గోమార్లు (పిడుదులు) తగ్గే దారి చెప్పండి. వేపనూనె రాస్తే రెండు రోజులు తగ్గి మళ్ళీ పడుతున్నాయి.

ఒంగోలుగిత్త: ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి సంస్థ) వాళ్ళు చెప్పే కషాయం చెయ్యండి. వెల్లుల్లి 10 రెబ్బలు, వసకొమ్ము 10 గ్రాములు, పసుపు 20 గ్రాములు, వేపాకు, వేపపండ్లు, తులసాకు, లాంటానా (పొదలా పెరిగే కలుపు మొక్క) ఆకు తలా ఒక గుప్పెడు. మెత్తగా రుబ్బి లీటరు నీళ్ళలో కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టండి. వడపోత సరిగా లేకపోతే స్ప్రేయర్ నాజిల్ పూడుకుపోతుంది. ఎండ ఉన్న పూట ఒళ్ళంతా కొట్టాలి. చెవుల లోపల, తోక కింద, పొదుగుకీ తొడకీ మధ్య వదలొద్దు. గోడ పగుళ్ళలో కూడా కొట్టాలి. వారానికోసారి, పోయేదాకా.

సూటిమాట: లాంటానానా? అది మేసిన ఆవుకు కామెర్లొస్తాయి, ఎండ తగిలిన చోట తోలు ఊడుతుంది. ఒళ్ళంతా పూసి నాకించమంటారా?

ఒంగోలుగిత్త: అది మేస్తే వచ్చే జబ్బు. ఇక్కడ లీటరు నీళ్ళకి గుప్పెడాకు, పైగా వడకట్టింది.

సూటిమాట: నేనడిగింది అది కాదు. ఆవు నాకుతుందా, లేదా?

చిట్టిపెరడు: సాయంత్రం వేపాకు పొగ వేస్తే పోవా?

పాలమూరు_పాడి: పొగకు దోమలు పోతాయి, పిడుదులు కదలవు. అసలు మీరంతా ఆవు ఒంటి మీదే ఉన్నారు, నేల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ఆవుల మీద ఎక్కువగా కనపడే రకం మూడు వారాలు ఒంటి మీదుండి, రక్తం తాగి ఆముదం గింజంత ఉబ్బి రాలుతుంది. రాలిన ఒక్కొక్కటి రెండు వేలకు పైగా గుడ్లు పెడుతుంది. పిల్లలు గడ్డిపరక కొసకెక్కి కాచుక్కూర్చుంటాయి, తిండి లేకుండా నెలలు ఆగుతాయి. తులసికోట గారూ, మీకు రెండు రోజుల్లో మళ్ళీ పడ్డవి ఆ గడ్డిలోంచి కొత్తగా ఎక్కినవి. వేప వెంటనే చంపేది కాదు, గుడ్లు పెట్టడాన్నీ, పెరుగుదలనూ దెబ్బతీస్తుంది. అందుకే వారం వారం కొట్టమనేది.

కొట్టం చుట్టూ గడ్డి నేలమట్టంగా కోసెయ్యండి, విరిగిన పెంకులు, పాత గోనెలు తీసెయ్యండి. ఎండ నేరుగా తగిలితే గుడ్లు ఎండిపోతాయి. రాళ్ళ సందుల్ని సిమెంటుతో పూడ్చి, ఆ పైన సున్నం వెయ్యండి. పూడ్చకుండా సున్నం వేస్తే లోపలివి లోపలే ఉంటాయి. కుక్కది వేరే రకం. అది ప్రతి దశలోనూ కుక్క మీంచి దిగి గోడెక్కుతుంది, కాబట్టి కుక్క పడుకునే చోట గోడను పైకప్పు దాకా వెతకాలి. దాని పరుపుగుడ్డ మరిగే నీళ్ళలో వెయ్యాలి.

నాటుకోడి: పది కోళ్ళను వదలండి, అన్నీ ఏరుకు తింటాయి.

పాలమూరు_పాడి: ఉబ్బినవి తింటాయి, గడ్డి మీద పిల్లల్ని పట్టించుకోవు. పొద్దున పూట ఎక్కువ రాలతాయి కాబట్టి గంప తెల్లారగానే ఎత్తాలి. ఆవుకు మందు కొట్టిన రోజుల్లో మాత్రం కోళ్ళను అటు రానివ్వొద్దు.

సూటిమాట: ఇవన్నీ చేసేదెవరు? పురుగుల్ని చంపే ఇవర్‌మెక్టిన్ సూది ఒకటి పొడిస్తే అయిపోతుంది.

ఒంగోలుగిత్త: పాలిచ్చే ఆవుకా? వాడొద్దని సీసా మీదే ఉంటుంది. పాలు ఇళ్ళకు పోస్తున్నామని మొదటి పోస్టులోనే రాశారు, అది చదవలేదు గానీ లాంటానా మీద మాత్రం లెక్చరా?

సూటిమాట: జెర్సీకి గోమార్ల వల్ల వచ్చే థైలీరియా జబ్బు వస్తే నీ తులసాకు ఆపుతుందా? జ్వరం కాలిపోతుంది, గడ్డలు ఉబ్బుతాయి. దాని మందు బుపర్వాకోన్ కోసం వెళితే షాపులో స్టాక్ లేదన్నాడు, ఆవు పోయింది. కషాయం చెప్పినవాళ్ళు ఒక్కరూ తొంగి చూళ్ళేదు.

ఒంగోలుగిత్త: ఆవు పోయినందుకు బాధే అన్నా. అయితే నీ గొడవ లాంటానాతో కాదన్నమాట.

సూటిమాట: కాదు. వారం వారం రుబ్బి, వడకట్టి, గోడ గోడా కొట్టడానికి ఇంట్లో మనిషుంటే సహజం నడుస్తుంది. కూలి మనిషి మీద వదిలితే రెండో వారానికే ఆగుతుంది. ఆ సంగతి మీరెవరూ ముందు చెప్పరు.

పాలమూరు_పాడి: ఆ మాట ఒప్పుకుంటా. కానీ థైలీరియా తెచ్చేది హయలోమా జాతి గోమారి, అది గోడ పగుళ్ళలోనే దాక్కుంటుంది. నీ భయానికైనా సందులు పూడ్చడమే మొదటి పని, అది వారం వారం చేసేది కాదు. జ్వరం కనపడితే మాత్రం కషాయం పక్కన పెట్టి అదే రోజు డాక్టరును పిలవండి.

తులసికోట: పూడ్చే పని ఆదివారం పెట్టుకుంటాం. దొరికినవాటిని గోళ్ళతో చిదుముతున్నాం, పర్లేదా?

పాలమూరు_పాడి: వద్దమ్మా. 2011లో గుజరాత్‌లో బయటపడ్డ క్రిమియన్-కాంగో జ్వరం (మనుషుల ప్రాణం తీసే జబ్బు) హయలోమా వల్లనే వచ్చేది, చిదిమినప్పుడు ఆ రక్తం చేతి గాయాల్లోకి పోతుంది. చేతులకు గ్లౌజు వేసుకుని, చిన్న పట్టుకారుతో తోలుకు ఆనించి పట్టి నిటారుగా లాగండి, మెలితిప్పకండి. కిరోసిన్ పోసిన సీసాలో వేసి మూత పెట్టండి. నేల మీద మాత్రం పారెయ్యొద్దు, ఉబ్బినవి అక్కడే గుడ్లు పెడతాయి.