ఐరోపా సమాఖ్యను వీడి బ్రిటన్ బాగుపడిందా?

ప్రశ్న (కందుకూరు నుంచి):
2016 జూన్ 23న 51.9 శాతం మంది ఓటర్లు కోరినందువల్ల ఐరోపా సమాఖ్యను వీడిన బ్రిటన్, 2025 జులైలో మన దేశంతో సొంతంగా వాణిజ్య ఒప్పందంపై సంతకం చేయగలిగింది. మన వైపు రొయ్యల రైతులకు ఇది మంచి కబురే. మరి ఆ నిష్క్రమణను నష్టమని ఎందుకంటారు?

జవాబు (ఒంగోలు నుంచి):
అయ్యా, సభ్యదేశం విడిగా సుంకాల ఒప్పందం చేసుకోలేదన్నది నిజమే. అయితే బ్రిటన్ వదులుకున్నది తన అతిపెద్ద మార్కెట్‌లో అడ్డంకుల్లేని ప్రవేశాన్ని. 2020 చివర కుదిరిన ఒప్పందం సుంకాలను తప్పించినా, కస్టమ్స్ పత్రాలు, సరుకు ఏ దేశానిదో తెలిపే ధ్రువీకరణ, మాంసం, చేపల వంటి వాటికి ఆరోగ్య ధ్రువపత్రాలు వచ్చిపడ్డాయి. పెద్ద కంపెనీ ఈ ఖర్చును భరిస్తుంది గానీ చిన్న వ్యాపారి ఎగుమతే మానుకుంటాడు. యాంటీబయాటిక్ పరీక్షల కోసం కంటైనర్లు ఆగడం చూసిన మన రొయ్యల ఎగుమతిదారులకు ఇది వేరే చెప్పాలా? దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని ప్రభుత్వానికి ఆర్థిక అంచనాలు వేసే అక్కడి స్వతంత్ర సంస్థ బడ్జెట్ బాధ్యతా కార్యాలయమే (OBR) అంచనా వేసింది.

జవాబు (కావలి నుంచి):
కోవిడ్, ఉక్రెయిన్ యుద్ధాల దెబ్బను వేరుచేయకుండా ఆ అంకెను నమ్మలేం. నా దృష్టిలో రాజకీయ నష్టమే పెద్దది: 62 శాతం మంది సమాఖ్యలోనే ఉండాలని ఓటేసిన స్కాట్లాండ్‌లో స్వాతంత్ర్య వాదం మళ్లీ లేచింది, బ్రిటన్‌లో భాగమే అయిన ఉత్తర ఐర్లాండ్‌కు వెళ్లే సరుకుకు స్వదేశంలోనే తనిఖీలు మొదలయ్యాయి.

జవాబు (ఒంగోలు నుంచి):
ఆ 4 శాతం, సమాఖ్యలోనే కొనసాగి ఉంటే అన్న లెక్కతో పోల్చినది. కోవిడ్ ఆ రెండు లెక్కల్లోనూ ఉంటుంది. ఉత్తర ఐర్లాండ్ విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను.