19 నెలలైనా చేతికి రాని వేట రైఫిల్: ఇంకా ఆగాలా, వెనక్కి తీసుకోవాలా?

అమెరికాలోని కొలరాడోలో ఉంటున్న నేను, ఎల్క్ దుప్పుల వేట కోసం .30-06 (తూటా రకం) రైఫిల్ ఒకటి నా కొలతలకు చేసి ఇమ్మని, పక్క రాష్ట్రంలోని ఒక గన్‌స్మిత్‌కు (తుపాకులు చేసే పనివారికి) 19 నెలల క్రితం సగం సొమ్ము బయానాగా చెల్లించి, నా దగ్గరున్న పాత మౌజర్ 98 రైఫిల్ యాక్షన్‌ను (తూటాను లోపలికి ఎక్కించి పేల్చే భాగాన్ని) కూడా అప్పగించాను. 10 నెలల్లో ఇస్తానన్నారు. మొదట బ్యారెల్ (తుపాకీ గొట్టం) రాలేదన్నారు, అది వచ్చి బిగించాక స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) కోసం తెచ్చిన వాల్‌నట్ చెక్క ఇంకా ఆరాలన్నారు.

పచ్చిదనం పోని చెక్కతో స్టాక్ చేస్తే తర్వాత అది వంగి బ్యారెల్‌ను ఒత్తుతుందని, దానివల్ల గురి మారుతుందని తెలుసు కనుక ఆ ఆలస్యాన్ని నేను తప్పుపట్టలేదు. అయితే మార్చిలో పంపిన ఫొటోలో ఆ చెక్క మీద పెన్సిల్‌తో స్టాక్ ఆకారం గీసి ఉంది; జూలై ఫొటోలోనూ అదే గీత, అదే బల్ల, చుట్టూ చిన్న పొట్టు ముక్క కూడా లేదు. నన్ను నిజంగా కలవరపెట్టింది అదే.

అక్టోబరులో రైఫిల్ వేట సీజన్ మొదలవుతుంది. ఇలా చేయించుకున్న అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి: బ్యారెల్ బిగించిన యాక్షన్‌ను, చెక్కను వెనక్కి తీసుకుని స్టాక్ పని మరొకరికి అప్పగించడం మంచిదేనా? ఒకరు మొదలుపెట్టిన పనిని మరొక మంచి పనివారు ఒప్పుకుంటారా? బయానాలో జరిగిన పనికి ఎంత వదులుకోవడం న్యాయం? గడువు తేదీని రాతపూర్వకంగా అడిగితే, పనితనం మీద నాకు ఇప్పటికీ గౌరవమున్న ఆ మనిషి నొచ్చుకోకుండా ఎలా అడగాలి?