ఒకే యాంటీబాడీకి రెండు కేడీ విలువలు: నివేదికలో ఏది రాయాలి?

శామీర్‌పేట_ల్యాబ్:
నమస్కారం. జీనోమ్ వ్యాలీలోని ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. 25 కిలోడాల్టన్ల మోనోమర్ (ఒంటరి అణువుగా ఉండే) యాంటిజెన్‌ను చిప్‌పై ఎమీన్ కప్లింగ్‌తో (ప్రొటీన్‌లోని ఎమీన్ గుంపుల ద్వారా రసాయనికంగా కట్టే పద్ధతి) సుమారు 2000 రెస్పాన్స్ యూనిట్ల మేర అతికించి, దానిపై ఐజీజీ యాంటీబాడీని పంపితే ఎస్‌పీఆర్‌లో (చిప్‌పై జరిగే బంధాన్ని కాంతితో కొలిచే పద్ధతి) కేడీ (బంధం ఎంత బలమైనదో చెప్పే సంఖ్య, తక్కువైతే పట్టు ఎక్కువ) 8 పికోమోలార్ వచ్చింది. బీఎల్‌ఐ అనే మరో కాంతి ఆధారిత పద్ధతిలో యాంటీబాడీని సెన్సర్ కొనకు పట్టించి యాంటిజెన్‌లో ముంచితే 2 నానోమోలార్ వచ్చింది. డిసోసియేషన్‌కు (కట్టుకున్నది విడిపోవడానికి) రెండు చోట్లా 5 నిమిషాలే ఇచ్చాను. ఏ పరికరాన్ని నమ్మాలి?

హబ్సిగూడ_బయోఫిజిక్స్:
పరికరాలను అనుమానించే ముందు అమరికను చూడండి. ఐజీజీకి రెండు చేతులుంటాయి కనుక, యాంటిజెన్ అంత దట్టంగా పరచిన ఉపరితలంపై ఒక చేయి వదిలినా రెండోది పట్టుకునే ఉంటుంది, ఈలోగా వదిలిన చేయి పక్క అణువును అందుకుంటుంది. మీరు ఎస్‌పీఆర్‌లో కొలిచింది అవిడిటీ, అంటే రెండు చేతుల ఉమ్మడి పట్టు. దాన్ని ఒకటికి ఒకటి మోడల్‌లో ఇరికిస్తే వచ్చే 8 పికోమోలార్‌ను అఫినిటీగా (ఒక్క చేతి పట్టుగా) రాయకూడదు.

ఎస్‌పీఆర్‌లోనే యాంటీ-ఎఫ్‌సీతో (యాంటీబాడీ తోక భాగాన్ని పట్టే మరో యాంటీబాడీ) యాంటీబాడీని పట్టించి, యాంటిజెన్‌ను పైన పంపండి. యాంటీబాడీ 300 యూనిట్లు పట్టుకుంటే, దాని బరువు 150 కిలోడాల్టన్లు, యాంటిజెన్ బరువు 25, బంధన స్థానాలు రెండు కనుక, గరిష్ఠ సంకేతం 100 యూనిట్లకు మించదు. అంత చాలు, ఎక్కువైతే మాస్ ట్రాన్స్‌పోర్ట్ బెడద (అణువులు ఉపరితలానికి చేరే వేగమే రేటును శాసించడం) మొదలవుతుంది. ప్రవాహ వేగాన్ని రెట్టింపు చేసినప్పుడు అసోసియేషన్ (కలిసే) రేటు మారితే ఆ బెడద ఉన్నట్టే. రిఫరెన్స్ చానెల్ (యాంటీబాడీ లేని పోలిక చానెల్) సంకేతంతో పాటు ఖాళీ బఫర్ సంకేతాన్ని కూడా తీసివేయడం మరవకండి.

ఉప్పల్_కైనెటిక్స్:
పై సలహాతో ఏకీభవిస్తున్నాను, కానీ 5 నిమిషాల సంగతి వదిలేయకూడదు. సంకేతం కనీసం 5 శాతమైనా తగ్గితే తప్ప విడిపోయే రేటును నమ్మలేమన్నది వాడుకలో ఉన్న నియమం. సెకనుకు 0.0001 రేటుకు అందుకు ఎనిమిదిన్నర నిమిషాలు, 0.00001 రేటుకు దాదాపు 85 నిమిషాలు పడుతుంది. అంతసేపు ప్రతి గాఢతకూ ఆగనక్కరలేదు, అత్యధిక గాఢతకు ఆగితే సరిపోతుంది. బీఎల్‌ఐలో అయితే ప్లేటు బావుల్లో బఫర్ ఆవిరవుతుంది, వదిలిన యాంటిజెన్ కూడా అదే బావిలో ఉండిపోతుంది.

శామీర్‌పేట_ల్యాబ్:
ధన్యవాదాలండీ. యాంటిజెన్ గాఢతను 280 నానోమీటర్ల శోషణతో లెక్కగట్టాను, సరిపోతుందా?

హబ్సిగూడ_బయోఫిజిక్స్:
అది మొత్తం ప్రొటీన్‌ను చెబుతుంది, బంధించగల ప్రొటీన్‌ను కాదు. సగం నిర్వీర్యమై ఉంటే కేడీ రెట్టింపుగా కనిపిస్తుంది, వక్రరేఖ మాత్రం చక్కగానే సరిపోతుంది. ముందు జెల్ ఫిల్ట్రేషన్‌తో (పరిమాణాన్ని బట్టి అణువులను వేరుచేసే పద్ధతి) ముద్దకట్టిన అణువులను తొలగించండి. నివేదికలో కేడీ పక్కన కలిసే, విడిపోయే రేట్లు రెండింటినీ, ఉష్ణోగ్రతనూ, చిప్‌పై ఏది కట్టారో, ఏది పంపారో కూడా రాయండి.