సొంత శెనక్కాయలతో గానుగ పెడదామనుకుంటున్నాం, మిషన్ తిప్పడం కాకుండా ఇంకేం నేర్చుకోవాలి?

కదిరి ఆడపడుచు:
అందరికీ నమస్తే. మాది కదిరి దగ్గర పల్లె. ఆరెకరాల్లో వానల మీద ఆధారపడి కదిరి-6 రకం శెనక్కాయ వేస్తాం. పంట చేతికొచ్చాక ప్రతి ఏడూ వ్యాపారి చెప్పిందే రేటు. ఈసారి కరెంటు గానుగ పెట్టి నూనె అమ్ముదామని మా ఆయనా నేనూ అనుకుంటున్నాం. మిషన్ వాళ్లు వారంలో నేర్పిస్తామంటున్నారు. వ్యాపారం మాత్రం మా ఇంట్లో ఎవరూ చేయలేదు. ముందే తెలిసుంటే బాగుండేదని మీకు అనిపించినవి చెప్పండి.

గానుగ అక్క, అనంతపురం:
చెల్లీ, నేను గానుగ పెట్టి ఐదేళ్లయింది. తిప్పడం నాలుగు రోజుల్లో వచ్చింది. లెక్క రాయడం రావడానికి రెండేళ్లు పట్టింది, ఆ రెండేళ్లూ నష్టమే.

మన చేలో కాయలే కదా అని విత్తనాల (ఒలిచిన గింజల) ఖర్చు వేసుకోలేదు. లీటరు 300కి అమ్మి, బాగా మిగులుతోందని సంబరపడ్డాను. ఒకరోజు మా అబ్బాయి కూర్చోబెట్టి రాయించాడు. లీటరుకు 2.7 కిలోల విత్తనాలు పడుతున్నాయి. అప్పుడు కిలో 130, అంటే 351. నూనె తీశాక మిగిలే చెక్క 1.6 కిలోలు వస్తే పాడి రైతులకు కిలో 45కి ఇచ్చేదాన్ని, 72 వెనక్కి. మిగిలింది 279. కరెంటు, కూలి, బాటిల్, లేబుల్, ఆటో కలిపి 51. మొత్తం 330! లీటరుకు 30 చేతి నుంచి పెట్టి అమ్ముతున్నానన్నమాట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి చేనుకో పుస్తకం, గానుగకో పుస్తకం. మా గానుగ మా చేను దగ్గర కూడా ఆ రోజు రేటుకే కొంటుంది.

ఇంకోటి, లీటరు నూనె కిలో తూగదు, 910 గ్రాముల దాకా ఉంటుంది. కిలోకూ లీటరుకూ ఒకే రేటు చెప్పొద్దు.

పులివెందుల రైతు:
అక్క చెప్పింది నిజం. నేనైతే అరువుతో దెబ్బతిన్నాను. ఒక షాపు వాళ్లు 40 లీటర్లు తీసుకుని ఏడాది తిప్పించుకున్నారు. ఇప్పుడు పాత బాకీ కడితేనే కొత్త డబ్బా. అడగడానికి మొహమాటంగా ఉంటుంది, అయినా అడగాలి.

సబ్సిడీ గురించి కూడా కనుక్కోండి. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు ఇస్తారు. అది బ్యాంకు లోనుతో ముడిపడి ఉంటుంది, ఊరికే చేతికి రాదు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు అడగండి.

కదిరి ఆడపడుచు:
చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. పోయిన ఏడు కాయలు కళ్లంలో ఉండగా వాన పడింది. కొన్ని గింజలు నల్లబడ్డాయి. వాటిని నూనెకు వాడొచ్చా?

గానుగ అక్క, అనంతపురం:
వద్దే వద్దు తల్లీ. బూజు పట్టిన గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. ఎక్కువ చెక్కలోకి పోతుంది, మనం రిఫైన్ చేయం కాబట్టి నూనెలోనూ కొంత మిగులుతుంది. గొడ్లకూ పెట్టొద్దు, పాలలోకి వస్తుంది. మా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు తెల్లగుడ్డ మీద పోసి చేత్తో ఏరుతారు. ముడుచుకున్నవి, రంగు మారినవి, ముక్కు దగ్గర పెడితే ముక్కిపోయిన వాసన వచ్చేవి అన్నీ తీసేస్తారు. తీసేసినవాటినీ తూకం వేసి గానుగ పుస్తకంలో రాయి. మాకు క్వింటాకు నాలుగు కిలోలు అలా పోతోంది.